రెండంగుళాలు ఎక్కువ

మా కంటోన్మెంట్ ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీ, టిప్పర్ల ఓనరు రామాంజినేయులు మామకు గోల్‌పోస్టులు కొలిచే జబ్బు ఉండేది. పరాయి గ్రౌండుకు పోతే అందరూ ఎదుటి టీమును చూస్తారు. మామ మాత్రం నేరుగా పోస్టు దగ్గరికి నడిచి, టిప్పరు తొట్టి కొలిచే ఇనుప టేపు తీసి, ఒక కొస నా చేతికిచ్చేవాడు.

"గట్టిగా పట్టుకో అల్లుడూ!"

నేను క్లబ్బు గోలీని, అంటే గోల్‌కీపర్ని. ఆట మొదలుకాక ముందే నా చేతులు నొప్పులు పుట్టేవి.

ఆ టేపుకు మొదటి రెండంగుళాలు లేవు. ఎప్పుడో టిప్పరు చక్రం కింద పడి తెగిపోయాయి. అందుకే మామ దేన్ని కొలిచినా రెండంగుళాలు ఎక్కువే వచ్చేది. ఆ సంగతి మామకు తప్ప బళ్లారిలో అందరికీ తెలుసు.

"ఏందప్పా హులిగప్పా, ఎనిమిదడుగుల రెండంగుళాలుండాది? ఇది గోల్‌పోస్టా, టోల్‌గేటా?" అని ఏటి అవతలి హగరి ఊరి క్లబ్బు కెప్టెన్‌ను నిలదీసేవాడు.

"నీ టేపుకు మొదలే లేదు కదన్నా!"

"నా టేపును అన్నావంటే ఊరుకోను. ఆరు టిప్పర్లు దీంతోనే కొలిచినా!"

హగరితో మా మ్యాచ్‌కు పోస్టర్ మీద 'స్నేహపూర్వక పోటీ' అని వేసేవారు. స్నేహమంతా ఆ పోస్టర్ మీదే ఉండేది. వాళ్లు మమ్మల్ని 'బంగళా దొరలు' అనేవారు, మేం వాళ్లను 'జొన్నకంకులు' అనేవాళ్లం. ఒకసారి వాళ్లిచ్చిన షర్బత్‌లో ఉప్పు కలిపారని మామ మమ్మల్ని తాగనివ్వలేదు. వాళ్లేం కలపలేదు. మరుసటేడు మేమే కలిపాం.

ఇనుప ఖనిజపు ఎర్రమన్ను చైనాకు తరలిపోతున్న రోజులవి. హగరి టీములో సగంమంది లారీలెక్కేశారు. లోడుకు పోయినవాళ్లు వేళకు తిరిగిరాక ఆ ఏడు రెండు మ్యాచ్‌లు ఎగ్గొట్టారు. మూడోది కూడా పోతే లీగులోంచి పేరు కొట్టేస్తామని కమిటీ తేల్చేసింది. ఆ మూడోది మాతోనే, మా గ్రౌండులోనే. అది గెలిస్తే తొమ్మిదేళ్లుగా కంటికి కనపడని షీల్డు మాది.

నాలుగు గంటలకు చూస్తే హగరి తరఫున నలుగురే ఉన్నారు. మిగతా ఏడుగురు వస్తున్న ఆటో హగరి బ్రిడ్జి మీద లారీల మధ్య ఇరుక్కుపోయిందట. హులిగప్ప తల పట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

రెఫరీ వెంకట్రావు మాస్టారిది సిరుగుప్ప కాలువ కింద స్థిరపడిన కోస్తా కుటుంబం. గడియారం చూసి, "పావుగంట ఆగుతానండీ. తర్వాత వాకోవరే, ఆడకుండానే మీకు గెలుపు" అన్నారు. మావాళ్లు ఈలలేశారు.

పద్నాలుగో నిమిషాన మామ టేపు తీశాడు.

"మాస్టారూ, ఈ పోస్టు మీద నాకు అనుమానముండాది."

"అది మీ పోస్టేనండీ! మీరే పాతించారు కదా!"

"మాదైతే మాత్రం కొలవగూడదా? నాయం నాయమే!"

కొలతల మీద ఫిర్యాదొస్తే అది తేలేదాకా గడియారం ఆపాలని మా లీగులో రూలుంది. మామ పోరు పడలేక కమిటీ పెట్టిన రూలే అది. మాస్టారు నిట్టూర్చి గడియారం ఆపారు.

మామ అడ్డం కొలిచాడు, నిలువు కొలిచాడు, మూలకు మూల కొలిచాడు. అవతలి పోస్టుకు పోయాడు. ఆ తర్వాత పెనాల్టీ మచ్చ, కార్నర్ జెండాలు. మా కెప్టెన్ జగదీశ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"సాకు మామా, చాలింక! చేతికొచ్చిన షీల్డు పోతాండాది!"

"నువ్వుండప్పా. కొలత తప్పుతాది."

టేపు రెండో కొస పట్టుకున్న నాకొక్కడికే అసలు విషయం కనిపించింది. మామ టేపు చూడటంలేదు. గోడ అవతల రోడ్డు చూస్తున్నాడు.

ముప్పావుగంటకు ఒక టిప్పరు హారన్ కొట్టుకుంటూ గ్రౌండులోకి వచ్చింది. మామ టిప్పరే. తొట్టిలోంచి నెత్తి నుంచి కాళ్లదాకా ఎర్రమన్నుతో ఏడుగురు దిగారు.

"అన్న ఫోన్ చేసినాడు," అన్నాడు డ్రైవరు. "వాళ్లను ఎక్కించుకోని, బ్రిడ్జి వదిలి ఏటి ఇసకలో పడి రమ్మన్నాడు."

మామ గబగబా టేపు చుట్టేశాడు. "రెండంగుళాలు ఎక్కువుండాది. అయినా ఏం చేస్తాం, ఆడండి."

ఆడాం. చివరి నిమిషంలో హులిగప్ప కొట్టిన బంతి అడ్డకర్రకు కింద తగిలి లోపల పడింది. ఒకటి-సున్నా. షీల్డు వేరే క్లబ్బుకు పోయింది, హగరి పేరు లీగులో నిలబడింది. జగదీశ్ వారం రోజులు మామతో మాట్లాడలేదు.

నేను మాత్రం ఆ సాయంత్రమే అడిగేశాను. "ఎందుకు మామా ఇట్ల చేస్తివి?"

"వాళ్లు పోతే మనం ఎవరి మీద గెలవల్లప్పా? వాకోవర్ మీదనా?" అన్నాడు మామ. "షీల్డు వచ్చే ఏడు కూడా ఉంటాది. హగరోళ్లు ఉండొద్దా?"

చాలా మ్యాచ్‌లు గెలిచాను. కానీ ఆ రోజు ఓడిన గోలీని నేనేనని ఇప్పటికీ ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాను.

మరుసటేడు వాళ్ల గ్రౌండుకు పోతే, హులిగప్ప ఎదురొచ్చి మామ చేతిలో కొత్త టేపు పెట్టాడు. మొదటి అంగుళం నుంచీ అన్నీ ఉన్న టేపు. మామ దాంతో పోస్టు కొలిచి, సరిగ్గా ఎనిమిదడుగులు రాగానే మొహం చిట్లించి తిరిగిచ్చేశాడు.

"ఇది తప్పు టేపప్పా హులిగప్పా. రెండంగుళాలు తక్కువ చూపిస్తాండాది!"

అని జేబులోంచి పాతది తీసి, ఈసారి దాని కొసను హులిగప్ప చేతికిచ్చాడు.

"గట్టిగా పట్టుకో!"