సూదులతోనే లేచి నిలబడింది

అప్పటికి నా కుడి భుజం బిగుసుకుపోయి ఆరు నెలలైంది. తల దువ్వుకుందామంటే చెయ్యి చెవి దాటేది కాదు. కాలేజీలో బోర్డు మీద సగం ఎత్తులోనే రాసేవాణ్ణి. వెనక బెంచీల వాళ్లకు అదొక వేడుక. పూతలూ మాత్రలూ అయిపోయాక, తోటి లెక్చరరు ఒకాయన పోరు పడలేక, కర్నూలులోనే ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. సూదంటే నాకు చచ్చేంత భయం. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సూదులు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. భుజం చుట్టూ నాలుగు, మోకాలి కింద పిక్కలో ఒకటి పెడుతుంది. నొప్పి భుజంలో ఉంటే కాలికెందుకని అడిగితే నవ్వి ఊరుకుంది. పెట్టాక ఇరవై నిమిషాలు కుర్చీలో కదలకూడదు. మూడోసారికి నా చెయ్యి చెవి దాటింది. ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను.

నాలుగోసారి వెళ్లేసరికి ఎదురు కుర్చీలో ఒకామె కూర్చుని ఉంది. నందికొట్కూరు దగ్గర మా చేలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. మిరపకాయలు కోసీ, బస్తాలు ఎత్తీ ఆమె భుజం ఎప్పుడో పాడైంది. పోయినేడు నాతో చెప్పుకుంటే "నూనె రాసుకోపో" అన్నాను. మా అమ్మ నోట నా సంగతి విని, ఆ రోజు పని మానుకుని బస్సెక్కి వచ్చిందని తర్వాత తెలిసింది.

భుజంలో నాలుగు సూదులు, పిక్కలో ఒకటి. నన్ను చూసి చటుక్కున లేచి నిలబడింది.

మా ఇంటివాళ్లు ఎదురైతే ఆమె కూర్చుని ఉండగా నేనెన్నడూ చూడలేదు. మా నాన్న కాలంలోనూ అంతే, నేను క్లాసులో సమానత్వం గురించి చెప్పే ఈ రోజుల్లోనూ అంతే. పిక్కలో సూది వంగిపోయింది. ఆమె పడబోయి, ఆ నొప్పి చేత్తోనే కుర్చీ పట్టుకుంది.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "ఎందుకు లేచినావమ్మా? కదలొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల?"

"కాలు తిమ్మిరెక్కిందమ్మా," అందామె.

"వీళ్లకు ఎంత చెప్పినా అంతే. మీరన్నా చెప్పండి సార్," అంది డాక్టరమ్మ నావైపు తిరిగి.

'నన్ను చూసే లేచింది' అని ఒక్క మాట అంటే సరిపోయేది. గదిలో ఇంకో ఇద్దరు చూస్తున్నారు. మా ఇంట్లో ఇంకా ఇలాంటివి నడుస్తున్నాయని వాళ్ల ముందు బయటపడటానికి నామోషీ అనిపించింది.

"డాక్టరమ్మ చెప్పినట్టు వినల్ల కదమ్మా," అన్నాను.

ఊళ్లో ఆమెను 'ఏమే' అని పిలిచే నోరు నాది. ఆ 'అమ్మా' వినగానే, నేను తెలియనివాడిలా నటిస్తున్నానని ఆమెకు అర్థమైపోయింది. సామీ అని తప్ప నన్ను ఇంకోలా పిలిచి ఎరగని మనిషి, తల వంచుకుని, "అట్లనే సార్," అంది. నా పరువు ఆమే కాపాడింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతోంది.

డాక్టరమ్మ సూదులన్నీ తీసేసి, పిక్క వాపు తగ్గాక వచ్చేవారం రమ్మంది. ఆమె మళ్లీ రాలేదు. నేను మాత్రం నయమయ్యేదాకా వెళ్లాను.

ఆ తర్వాత ఊరికి పోతే, చేని గట్టు మీద కూర్చుని సద్ది తింటోంది. నన్ను చూసి గిన్నెతో సహా లేచింది.

"భుజం ఎట్లుండాది?" అన్నాను.

"దాని పాటికది ఉండాది సామీ. ఆ సూదులు మాకు సరిపడవులే. మీకు బాగైందా?"

ఆ రోజు చేసింది తప్పని చెప్పడానికే అంత దూరం వెళ్లాను. దానికి బదులు చెయ్యెత్తి చూపించాను. తల దాటి నిటారుగా లేచింది.

"శానా బాగైంది సామీ," అని ఆమె నిజంగానే సంతోషపడింది, సద్ది గిన్నె ఎడంచేత్తో పట్టుకుని, నిలబడే.

'కూర్చో' అనాలని నాకు తిరిగి కారెక్కాక గుర్తొచ్చింది.