తేజ బద్ధకం

2023లో నేను సింగపూర్‌లో, బుకిట్ బటోక్ అనేచోట ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో అసిస్టెంటుగా చేస్తున్నాను. పెద్ద చదువేమీ కాదు నాది. కాకినాడ దగ్గర ఇంటర్ అయిందనిపించి, పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఇంట్లో కూర్చోలేక చిన్న కోర్సు చేశాను. వారమంతా నడుం నొప్పి ఆంటీలకీ మోకాళ్ల నొప్పి అంకుళ్లకీ వేడి కాపడాలు. శనివారం సాయంత్రం మాత్రం మా మేడమ్ జాస్మిన్‌తో కలిసి గ్రౌండుకి వెళ్లేదాన్ని. అక్కడ ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్ ఆడే క్లబ్ ఒకటి ఉంది. ఆటగాళ్లకి స్ట్రాపింగ్ చేయడం నా పని. అంటే కీలు మెలిపడకుండా గట్టి టేపుతో కట్టడం.

ఈ ఆట చూడనివాళ్లకి ఒక మాట చెప్పాలి. బంతి కోడిగుడ్డులా ఉంటుంది, గ్రౌండు కూడా అదే ఆకారం. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, బంతి చేతిలో ఉన్నవాణ్ణి పట్టి కింద పడేయొచ్చు. తలకి హెల్మెట్ ఉండదు. అవతలివాడి వీపు మీద మోకాలు ఆన్చి పైకి ఎగిరి గాల్లో బంతి పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. మొదటిరోజు చూసి ఇది ఆటా కొట్లాటా అని అడిగాను. "రెండూ. అందుకే మనకి జీతం" అంది జాస్మిన్.

ఆ మార్క్ పట్టడంలో తేజని మించినవాడు మా క్లబ్‌లో లేడు. తెలుగువాళ్ల అబ్బాయే, మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగాడు. ఇక్కడ ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఇంకా పాతికేళ్లు లేవు. తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది, నన్ను మాత్రం చక్కగా అక్కా అనేవాడు. సీజన్ మొదట్లో వాడు ఎగిరితే గీత అవతల నిలబడ్డవాళ్ల చేతుల్లో బీరు ఒలికిపోయేది. మెల్‌బోర్న్‌లో ఒక క్లబ్ వాడి గురించి విని వీడియోలు పంపమంది. సీజన్ అయ్యేలోగా మా కోచ్ వాడి గురించి ఒక మాట రాసి, వీడియో జతచేసి పంపితే, అక్కడ ట్రయల్‌కి పిలుస్తారు. తేజ కోరుకున్నది అదొక్కటే.

సీజన్ సగం దాటేసరికి వాడు ఎగరడం మానేశాడు.

అంటే పూర్తిగా కాదు. బంతి గాల్లో ఉంటే పరిగెత్తుకొచ్చేవాడు, తీరా మనుషులు గుమిగూడేచోట అడుగు తగ్గించేవాడు. మీద పడబోయే మనిషిని చూసి పక్కకి జరిగేవాడు. నాలాంటిదానికే కనిపించిందంటే అభిమానులకి కనిపించదా.

మా అభిమానులలో ముఖ్యులు ఇద్దరు. వెంకట్రావు అంకుల్‌ది గుంటూరు, మెల్‌బోర్న్‌లో చాలా ఏళ్లుండి ఇక్కడికి వచ్చారు. ఈ ఆట తనే కనిపెట్టినట్టు మాట్లాడతారు. ప్రదీప్‌ది వరంగల్, యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్నాడు. మ్యాచ్‌లు వీడియో తీసేది అతనే. ఇద్దరూ నా టేపుల టేబుల్ పక్కనే మడత కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లు.

"ఏందిరా వీడు, పెళ్లికొడుకు నడిచినట్టు నడుస్తున్నాడు" అన్నారు అంకుల్ ఒకరోజు.

"ఊకోండ్రి అంకుల్. ట్రయల్ ఉంది గదా, దెబ్బ తగల్కుండ జాగర్త పడుతుండు."

"జాగ్రత్త కాదు, బద్ధకం. ఒళ్లు వంచడు. ఆ హైటు, ఆ చేతులు నాకుంటేనా."

"మీకుంటే చాయ్ గ్లాస్ పైఅరల పెట్టెటోళ్లు, గంతే."

"నవ్వు, నవ్వు. ట్రయల్‌కి పోయి అక్కడ ఇట్టాగే ఆడితే మన పరువేగా పోయేది. కోచ్‌కి చెప్తా, రాయొద్దని." అంకుల్ నావైపు తిరిగారు. "ఏమ్మా మణీ, పట్టీలు వేసేదానివి నువ్వు. వాడికి నిజంగా ఏమన్నా ఉందా, నాటకమా?"

"నాకేం తెలుసంకుల్" అన్నాను. కానీ అనుమానం నాకూ పట్టుకుంది.

ఎందుకంటే తేజ ఆ మధ్య వారం వారం కుడి భుజానికి టేపు వేయమంటున్నాడు. సీజన్ మొదట్లో ఎప్పుడూ అడగలేదు. ఎక్కడ నొప్పి అంటే ఒకరోజు ముందువైపు చూపించాడు, ఇంకోరోజు వెనకవైపు. జాస్మిన్ చేయి పైకెత్తించి, తిప్పించి, నొక్కి చూసింది. వాడు వెళ్లాక నాతో అంది, "షోల్డర్ ఓకే. ఏమీ లేదు."

మరి లేని నొప్పికి టేపెందుకు. సరిగ్గా ఆడకపోతే అదిగో టేపు ఉంది కదా అని జనం అనుకోవడానికే కదా. అంకుల్ చెప్పిందే నిజమేమో, వీడు నాటకాలవాడేమో అనుకున్నాను. అప్పటినుంచి వాడు ఏం చేసినా వంకరగానే కనిపించింది. ఆట మొదలయ్యేముందు, గ్రౌండు పక్కన పట్టీలు వేయడానికి మాకిచ్చిన టెంట్‌లో మూల కూర్చుని తువ్వాలు ముఖం మీద కప్పుకునేవాడు. ట్యూబ్‌లైట్ తీసేయమనేవాడు. మబ్బు పట్టినా నల్ల కళ్లద్దాలు. ఒకసారి, "అక్కా, ఇవాళ మనతో ఆడేది ఎవరు?" అని అడిగాడు. చెప్పాను. టేపు వేయడం అయ్యేలోగా మళ్లీ అదే అడిగాడు.

తాగి వస్తున్నాడా అని టేపు చుట్టే వంకతో దగ్గరకి వంగి గట్టిగా వాసన పీల్చాను.

"ఏంటక్కా, స్మెల్ వస్తున్నానా?"

"లేదు, నాకు జలుబు" అన్నాను. వాడి దగ్గర సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

ఆ రాత్రి మా ఆయనతో చెబితే, "నిద్ర లేదేమో, లేకపోతే ప్రేమేమో, నీకెందుకు" అన్నాడు. నిద్ర చాలనివాళ్లు లైటు చూసి కళ్లు మూసుకోరు కదా. సోమవారం క్లినిక్ తెరవగానే జాస్మిన్‌కి అన్నీ వరసగా చెప్పాను. ఆవిడ నన్ను ఆపకుండా విని, "నాకూ డౌట్ ఉంది మణీ. తలకి దెబ్బేమో. శనివారం టెస్ట్ చేద్దాం" అంది.

తల దెబ్బని మా భాషలో కంకషన్ అంటారు. రక్తం రాదు, వాపు ఉండదు, స్కాన్‌లో కూడా చాలాసార్లు కనిపించదు. అందుకని సీజన్ మొదలుకాకముందే ప్రతి ఆటగాడికీ బేస్‌లైన్ టెస్ట్ అని ఒకటి చేస్తాం. కొన్ని మాటలు చదివి వినిపించి తిరిగి చెప్పమంటాం, డిసెంబరు నుంచి వెనక్కి నెలలు చెప్పమంటాం, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటాం. బాగున్నప్పుడు మనిషి ఎలా చేస్తాడో అదే వాడి కొలత. తర్వాత తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే మళ్లీ అదే చేయించి, మొదటిదాంతో పోలుస్తాం. తగ్గితే ఆట బంద్.

శనివారం తేజ నవ్వుతూనే వచ్చి కూర్చున్నాడు. మాటల్లో సగం మర్చిపోయాడు. నెలల్లో జూలై ఎగరగొట్టాడు. ఒంటికాలి మీద ఊగి పక్కకి పడ్డాడు. జాస్మిన్ పాత టెస్ట్ తీసి పక్కన పెట్టి చూసింది. అప్పుడూ అంతే. అప్పుడూ సగం మాటలే, అప్పుడూ ఊగాడు. తేడా లేదు.

"సేమ్ కదా మేడమ్" అన్నాడు తేజ. మాకంటే ముందే.

తేడా లేకపోతే ఆపడానికి జాస్మిన్ దగ్గర ఆధారం లేదు. వాణ్ణి ఆడనిచ్చింది, కానీ ముఖం చిట్లించుకునే ఉంది. ఆ రోజు వాడు ఇంకా ఘోరంగా ఆడాడు. మన జట్టువాడు పక్కనే పడిపోయి బంతి వదిలితే కూడా వంగి తీయలేదు. అంకుల్ కుర్చీలోంచి లేచి, "దీనికంటే నా మనవణ్ణి దింపండిరా" అన్నారు. ఈసారి ప్రదీప్ కూడా వెనకేసుకురాలేదు. "కోచ్ రెండు వారాలల్ల రాస్తనంటుండు. నేనైతే మొదటి మ్యాచ్‌లవే పంపుతున్న అక్కా. ఇవి పంపితే వాడి కథ ఒడిసినట్టే" అంటూ ఫోన్ నా ముందు పెట్టాడు.

ఆ వీడియోలో తేజ ముగ్గురి మీదుగా లేచి బంతి పట్టుకున్నాడు. దిగేటప్పుడు ఎవరిదో చేయి తగిలి ఒక కాలే నేలకి ఆనింది. ఆ ఒక్క కాలి మీద గిర్రున తిరిగి, పడకుండా, అక్కణ్ణుంచే బంతి తన్నాడు. నేను మళ్లీ వేయమన్నాను. ఆ మ్యాచ్ బేస్‌లైన్ టెస్ట్ చేసిన వారానిదే. గాల్లోంచి ఒంటికాలి మీద దిగి నిలబడ్డవాడు, అదే వారంలో మా టెంట్‌లో నేల మీద నిలబడలేకపోయాడన్నమాట.

తేజ టేపు విప్పించుకోవడానికి వచ్చాడు. టెంట్‌లో ఇంకెవరూ లేరు. కత్తెర పెట్టి మెల్లగా కోస్తూ అడిగాను.

"మొదటి టెస్ట్ కావాలని పాడుచేశావా?"

"ఏ టెస్ట్?"

"తేజా."

"అందరూ చేస్తారక్కా. చిన్నప్పటి క్లబ్‌లోనే చెప్పారు. ఫస్ట్‌దాంట్లో బాగా చేయకు, తర్వాత హిట్ అయినా నిన్ను తీసెయ్యలేరు అని."

"ఎప్పుడు తగిలింది?"

"ప్రాక్టీస్‌లో. రెయిన్ పడినరోజు. వెనకనుంచి మోకాలు." చేత్తో తల వెనక చూపించాడు. "లేచాను కదా, ఓకే అనుకున్నాను. తర్వాత లైట్ పడట్లేదు. బాల్ పైనుంచి వస్తుంటే రెండు బాల్స్ ఉంటాయి. ఏది పట్టుకోవాలి?"

"మరి భుజం?"

"భుజం అంటే ఎవరూ ఆపరు."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇన్ని వారాలు వాడు బద్ధకంగా పక్కకి జరుగుతున్నాడని అనుకున్నాం. రెండు బంతులు కనిపిస్తుంటే జరక్క ఏం చేస్తాడు.

"చెప్పకక్కా. ప్లీజ్. లెటర్ వెళ్లేదాకా ఆగు. రెండు మ్యాచ్‌లే."

"ఇంకోసారి తగిలితే?"

"తగలదు. అందుకే కదా దూరంగా ఉంటున్నా. అందరూ తిడుతున్నా కూడా."

వాడు నా తమ్ముడి వయసువాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఊరుకుందామని ఒక్క నిమిషం అనిపించిన మాట నిజం. కానీ మొదటి దెబ్బ తగ్గకముందు రెండోది పడితే మెదడు వాచి ప్రాణమే పోవచ్చని కోర్సులో మాకు చెప్పారు. అది వినుంటే ఎవరూ ఊరుకోలేరు. "నేను జాస్మిన్‌కి చెప్తున్నాను. నువ్వూ రా, నీ నోటితో చెబితే ఇంకా మంచిది" అన్నాను. రాలేదు. టేపు సగం భుజానికి వేలాడుతుండగానే వెళ్లిపోయాడు.

నేను చెప్పాను. జాస్మిన్ అప్పటికప్పుడు వాణ్ణి ఆట నుంచి తప్పించి డాక్టర్ దగ్గరకి పంపింది. డాక్టర్ ఆ సీజన్‌కి ఆట వద్దన్నారు. కోచ్ ఉత్తరం రాయలేదు. రోగి విషయం బయట మాట్లాడకూడదు కాబట్టి కోచ్‌కీ జట్టుకీ చెప్పింది ఒకటే, తేజ అందుబాటులో లేడు అని. ఆ ఖాళీని అభిమానులు తమకి తోచినట్టు నింపుకున్నారు. పారిపోయాడన్నారు, పొగరన్నారు, అమ్మాయి వెంట పడ్డాడన్నారు. నేను టేబుల్ దగ్గర తలొంచుకుని టేపులు చించుతూ అన్నీ విన్నాను.

అప్పటినుంచి మా క్లినిక్‌లో ఒక పద్ధతి మారింది. బేస్‌లైన్ టెస్ట్‌లో ఎవరైనా మరీ పేలవంగా చేస్తే, వాళ్లని ఇంకోరోజు పిలిచి మళ్లీ చేయిస్తాం. మంచి మార్కులు నన్ను భయపెట్టవు. కుర్రాడు చురుగ్గా ఉండి తక్కువ మార్కులు తెచ్చుకుంటే మాత్రం ఎదురుగా కూర్చుని వాడి ముఖమే చూస్తాను.

సీజన్ చివరి మ్యాచ్‌కి తేజ వచ్చాడు, చూడటానికి. తలనొప్పి తగ్గిందట, లైటు పడుతోందట. నన్ను చూసి తల ఊపాడు, మాట్లాడలేదు. వెళ్లి అంకుల్ కుర్చీ పక్కన నిలబడ్డాడు. అంకుల్ ఊరుకుంటారా.

"నీలాంటోడు దొరకడు రా మాకు. అంత టాలెంట్ పెట్టుకుని ఒళ్లు వంచవేంది?"

నేను టేపు పక్కన పెట్టేశాను. ఒక్క మాట నోటిదాకా వచ్చింది. తేజ నావైపు చూసి, వద్దన్నట్టు తల కొద్దిగా అడ్డంగా ఊపాడు.

"అవును అంకుల్. కొంచెం బద్ధకమే" అన్నాడు.

"ఒప్పుకున్నావు, అది చాలు. వచ్చే ఏడు కష్టపడు, నేనే కోచ్‌తో మాట్లాడతా."

బ్రేక్‌లో మంచినీళ్లకని నా టేబుల్ దగ్గరకి వచ్చినప్పుడు అడిగాను. "అంత మాట ఎందుకు పడ్డావు? చెప్పేయొచ్చు కదా, నీ తల, నీ ఇష్టం."

"బద్ధకం అంటే వచ్చే ఏడాది ఇంకో చాన్స్ ఇస్తారక్కా. తల దెబ్బ అంటే ఇవ్వరు" అన్నాడు.

నీళ్లు తాగి, సీసా నా చేతికిచ్చి, మళ్లీ అంకుల్ దగ్గరకే వెళ్లాడు తిట్లు తినడానికి.