నారాయణప్ప ఎడమ కాలు

చరిత్రకారులు దండయాత్రలను రాశారు, సంధిపత్రాలను రాశారు, ఏ రాజు ఏ తిథినాడు ఏ గుర్రం దిగాడో కూడా రాశారు. క్లారినెట్ నారాయణప్ప మొదటి స్వరం ఊదే ముందు ఎడమ కాలు ముందుకు వేస్తాడన్న సంగతిని మాత్రం ఒక్కరూ రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో, సుమారు రెండు వేల పెళ్ళి ఊరేగింపుల్లో, కుడి కాలు ముందు పడిన దాఖలా ఒక్కటీ లేదు. ఆ లోటు ఇక్కడ పూడ్చడమైనది.

నారాయణప్పది హిందూపురం దగ్గర పల్లె. అక్కడ ఒక గురువు దగ్గర పన్నెండేళ్ళు శాస్త్రీయంగా నేర్చుకుని, బాలానగర్‌లో ఒక బ్యాండు మేళంలో చేరి, చివరికి కొత్తగూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో కుదురుకున్నాడు. హైదరాబాదులో క్లారినెట్ చేతిలో ఉన్నవాణ్ణి ఎవరూ కూర్చోమనరు. పెళ్ళికొడుకు కారు ముందు నడవమంటారు. నడిచాడు. నడుస్తూనే మోహన, తోడి, కల్యాణి వాయించాడు. వెనకాల డోలక్ పట్టుకుని లింగంపల్లి చంద్రయ్య నడిచాడు.

నడిచేవాడికి ఆలోచన ఎక్కువ. ఆ ఆలోచనలోంచే ఆయన పరిశోధన పుట్టింది. దానితో మూడు నోటుబుక్కులు నిండాయి. కొత్తగూడ చౌరస్తా నుంచి కొండాపూర్ బోరింగు దాకా మోహన సరిగ్గా సరిపోతుంది. ఎక్కుడు దారిలో తోడి పనికిరాదు, ఊపిరి చాలదు. దిగుడు దారిలో కల్యాణి దానంతటదే వస్తుంది, విద్వత్తు అక్కర్లేదు. ఇలాంటి సిద్ధాంతాలు రెండు వందల పైచిలుకు. తొంభై ఎనిమిదిలో అద్దాల భవనాల కోసం మధ్యలో ఉన్న గుట్టను పేల్చి రోడ్డును తిన్నగా చేశారు. దారి పొట్టిదై మోహన అవరోహణ బోరింగు దాటిపోయింది. పదకొండేళ్ళ కొలతలు మళ్ళీ తీయవలసి వచ్చింది. నగరాభివృద్ధి వల్ల పరిశోధనకు కలిగిన ఈ నష్టం గురించి ఏ పత్రికా రాయలేదు.

బోధన కూడా నడకమీదే. డాబామీద నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరుగుతూ నేర్పేవాడు. షుగర్ ఉందని డాక్టరు నడవమన్న ఇద్దరు పెద్దమనుషులు చేరారు. వాళ్ళకు వాద్యం రాలేదు గానీ షుగర్ తగ్గింది. నిజంగా నేర్చుకున్నది భార్గవి ఒక్కతే. ఆ అమ్మాయి అద్దాల భవనాల్లో ఒకదాంట్లో ఇంజనీరు. రెండువేల సంవత్సరం వచ్చిననాడు కంప్యూటర్లు కంగారు పడకుండా చూడటం ఆమె ఉద్యోగం.

తొంభై తొమ్మిది ఆగస్టులో ఒకరోజు భార్గవి అచ్చు కార్డు తెచ్చి గురువు చేతిలో పెట్టింది. శనివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత కంపెనీ హాల్లో కచేరీ. కార్డుమీద 'క్లారినెట్ విద్వాన్ నారాయణప్ప' అని ఉంది. అంతకుముందు ఆయన పేరు అచ్చయిన చోటల్లా ముందు 'బ్యాండు మాస్టర్' అనే ఉండేది.

"కుచ్చోనే గదా పాపా?" అన్నాడు నారాయణప్ప. అడగవలసింది అదొక్కటే.

"వేదిక వేస్తున్నారు సార్. తివాచీ కూడా."

"నలభై నిమిషాలు కుచ్చోని వాయించినాననుకో, ఇంగ నన్ను బ్యాండాయన అనేదానికి ఎవురికీ నోరు రాదు."

రెండు వారాలు ఇంట్లో కూర్చుని సాధన జరిగింది. భార్య ఈశ్వరమ్మ కాళ్ళ కాపలాకు నియమితురాలైంది.

"కాలు కదిలిస్తాండావు."

"యాడ కదిలిస్తాండా? తాళం."

"తాళం చేత్తో గదా ఏసేది? చాప మూడు మూరలు జరిగింది సూడు. ఇంకో కీర్తన వాయిస్తే వంటింట్లో ఉంటావు."

శనివారం వచ్చింది. హాల్లో అరవైమంది ఇంజనీర్లు, కడుపునిండా పెరుగన్నంతో. నారాయణప్ప తివాచీమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన చంద్రయ్య. కళ్ళు మూసుకుని కల్యాణి ఎత్తుకున్నాడు. మొదటి నాలుగు నిమిషాలు మర్యాదగా గడిచాయి. ఆపైన రాగం పంచమం దాకా ఎక్కి అక్కడే నిలబడిపోయింది. ఇంకొకసారి ఎక్కాడు, మళ్ళీ అక్కడే. పంచెకింద ఎడమ కాలి బొటనవేలు కొట్టుకుంటోంది. నుదురు చెమటపట్టింది. హాల్లో ఏసీ ఉంది.

చంద్రయ్య పక్కకు వంగాడు. "మాస్టర్, లే జర."

"లేస్తే బ్యాండే గదరా!"

"లేవకుంటే గా బ్యాండు గూడ గాదు. నీకు దారి కనబడ్తలేదు, నాకెర్కగాదా?"

నారాయణప్ప ముందు వరసలో భార్గవి చేతిలో ఉన్న కార్డు వైపు చూశాడు. భార్గవి ముఖం వైపు చూశాడు. ఆ అమ్మాయి రెండు చేతులూ బిగించి పట్టుకుని కూర్చుంది. ఆయన లేచి నిలబడ్డాడు. ఎడమ కాలు ముందుకు పడింది. కల్యాణి ఒక్క ఊపున పై షడ్జమం అందుకుంది.

ఆ తర్వాత జరిగినదానికి బాధ్యులెవరో చెప్పడం కష్టం. ఆయన వేదిక దిగి కుర్చీల మధ్య నడిచాడు. డోలక్ మెడకు తగిలించుకుని చంద్రయ్య వెనకాల నడిచాడు. మేళం ముందు నడిస్తే వెనక నడవడం మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేని విద్య. అరవైమందీ లేచారు. ఊరేగింపు హాలు దాటి, మెట్లు దిగి, ఆవరణలోకి వచ్చింది. పై అంతస్తుల్లోని వాళ్ళు అద్దాలకు ముఖాలు ఆనించి చూశారు. కల్యాణి ఎన్నడూ వినిపించనంత ధారాళంగా వినిపించింది. భార్గవి కళ్ళు తుడుచుకుంది.

గేటు దగ్గర సెక్యూరిటీ స్వామి మేళం చూడగానే రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

"పెండ్లి ఎవల్ది సార్?"

భార్గవి కార్డు చూపించింది. "పెళ్ళి కాదు, కచేరీ. ఈయన విద్వాన్."

స్వామి కార్డును కూడబలుక్కుని చదివి, నారాయణప్పకు నిండుగా దండం పెట్టాడు. "గట్లనా విద్వాన్ సాబ్! మంచిగుంది. మరి పెండ్లికొడుకేడి?"

నారాయణప్ప క్లారినెట్ దించి అందరికంటే ముందు నవ్వాడు. ఇంటికెళ్ళాక ఈశ్వరమ్మ అడిగితే బాగా జరిగిందన్నాడు. తర్వాత నాలుగో నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీలో ఆనాటి వివరం రాసుకున్నాడు:

"కల్యాణి. కూర్చుని, నాలుగు నిమిషాలు. నడిచి, వేదిక నుంచి గేటు దాకా, పంతొమ్మిది నిమిషాలు. దారి దిగుడు."