త్సియాలా బీరు ఎత్తిన రోజు

జుగ్దీదీ అనే ఊళ్ళో త్సియాలా నూరిన ఎర్రకారం నాలిక మీద వేసుకుంటే ఎలుగుబంటి కూడా కొండ దిగివచ్చి క్షమాపణ చెప్పుకుంటుందని ఆమె మరిది గురామ్ ఊరంతా చెబుతాడు. ఎలుగుబంటి సంగతేమో గానీ, పెళ్ళాలను కొట్టే మొగుళ్ళు మాత్రం చాలామందే వచ్చి, ఆమె గుమ్మం ముందు గొంతు తగ్గించుకుని వెళ్ళారు. తన్నులు తిన్న ఆడవాళ్ళ కోసం స్టేషన్ వెనక వీధిలో పదహారేళ్ళుగా ఆరు మంచాల ఇల్లు నడుపుతోంది త్సియాలా.

ఆ ఇంటి ఖర్చు ఓ దూరదేశపు ప్రభుత్వం భరించేది. ఇంతలో కొత్త చట్టం వచ్చింది. బయటి సొమ్ము తీసుకునే సంస్థలన్నీ తాము పరాయి దేశం పని చేస్తున్నామని రాసివ్వాలట, లేకపోతే జరిమానా అట. త్సియాలా రాసివ్వనంది. పగిలిన దవడకు కట్టు కట్టడం ఏ దేశపు పనో చెప్పమని వచ్చిన అధికారినే అడిగింది.

దూరదేశం స్పందించింది. మొదట విచారం, తర్వాత తీవ్ర విచారం, ఆపైన అత్యంత తీవ్ర విచారం. టీవీలో ఆ ముక్క చదివే పెద్దమనిషికి అన్నం సయిస్తోందో లేదోనని ఇంట్లో ఆడవాళ్ళు జాలిపడ్డారు. చివరికి ఒక మధ్యాహ్నం రాయబార కార్యాలయం నుంచి ఓ కుర్ర అధికారి నల్లకారులో దిగాడు, గట్టి చర్య తీసుకున్నామన్న కబురుతో. త్సియాలా జున్ను రొట్టెలూ, అక్రోటు గుజ్జులో ఉడికిన కోడీ పెట్టింది. గురామ్ గ్లాసెత్తి దీవెనలు పలికే విందుపెద్దగా కూర్చుని వైను కూజా దగ్గరికి లాక్కున్నాడు.

మీ ప్రభుత్వానికి బుద్ధి రావాలని మావాళ్ళు సాయమంతా ఆపేశారని అధికారి గర్వంగా చెప్పాడు.

"అంతా అంటే?" అంది త్సియాలా.

"అంతా అండీ. ఈ ఇంటిది కూడా. నెలాఖరు నుంచి."

"అంటే మావాళ్ళు మూయించలేని ఇంటిని, వాళ్ళ మీద కోపంతో మీరు మూయిస్తున్నారన్నమాట."

"ఇది చాలా బలమైన సందేశం అమ్మా."

గురామ్ కూజా ఎత్తబోతే త్సియాలా అతని చెయ్యి పట్టుకుంది. లోపలికెళ్ళి బీరు సీసాలు తెచ్చి వరసగా పోసింది. ఆ ఊళ్ళో గ్లాసెత్తి దీవించేది వైనుతోనే. బీరు ఎత్తి ఎవరి పేరైనా తలిచారంటే వాళ్ళు నాశనమైపోవాలని.

"వదినా, అతిథి," గొణిగాడు గురామ్.

"అందుకే ముందు ఆయనకు పోశాను." త్సియాలా లేచి గ్లాసెత్తింది. "ఈ చట్టం రాసిన మావాళ్ళకూ, దానికి ఇంత గొప్పగా జవాబిచ్చిన మీవాళ్ళకూ."

అధికారి కళ్ళు చెమర్చాయి. అడుగుదాకా తాగాడు. మా చర్యను ప్రజలు లేచి నిలబడి స్వాగతించారని ఈ సాయంత్రమే రాసి పంపుతానన్నాడు. ఇంకో గ్లాసు అడిగాడు కూడా. త్సియాలా నురగ పొంగేలా పోసింది.

కారు మలుపు తిరగగానే మంచాలు విప్పమంది. చీకటి పడేలోపు ఆరూ ఆమె సొంతింటికి చేరాయి. ఐదు ఎలాగో పట్టాయి. ఆరోదాన్ని గురామ్ గదిలో వేయించి, అతన్ని వైను జాడీల కొట్లో పడుకోమంది.

గురామ్ ఎదురాడలేదు. వదిన చేతికందే దూరంలో సీసాల్లో బీరు ఇంకా మిగిలే ఉంది.