అర అంగుళం పెరిగిన జెట్టు

ఆ దుకాణంలో నలభై ఏళ్లుగా కత్తెర పట్టే అధికారం ఒక్కరిదే. గుడ్డ మీద సుద్దతో గీత గీసేదీ, గీసినదాన్ని కోసేదీ కటింగ్ మాస్టరే. ఆయన తమ్ముడు మిషను మీదికి వంగి, అన్నగారు కోసి విసిరిన ముక్కల్ని కలిపి కుట్టే మానవమాత్రుడు.

ఈ రాజ్యాంగాన్ని ఒక కోటు కూల్చేసింది. దాన్ని తొడుక్కుని ప్లీడరుగారు అద్దం ముందు నిలబడితే, కోటు ఆయన్ని దత్తత తీసుకున్నట్టు కనిపించింది. భుజాలు జారి మోచేతుల దారి పట్టాయి. అరచేతులు కనిపించడం మానేశాయి. ప్లీడరుగారు ఒక్క మాటా అనలేదు. మాట్లాడని ప్లీడరును చూసి తమ్ముడు బెదిరిపోయి, ఆ సాయంత్రమే కత్తెర తీసి తన సొరుగులో వేసి తాళం పెట్టాడు.

"నీ చెయ్యి వణుకుతోంది అన్నయ్యా. ఒప్పేసుకో."

"నా చెయ్యా? నువ్వు పుట్టినప్పుడు నీకు మొదటి చొక్కా కోసిన చెయ్యిరా ఇది!"

"అదే నేనూ అంటున్నా. బాగా పాతబడింది."

అలా కటింగ్ మాస్టరుకు బొత్తాలు కుట్టే స్టూలు మీద వనవాసం మొదలైంది.

వనవాసం మూడో వారంలో డ్రాయింగు టీచరు ప్యాంటు నడుము వదులు చేయించుకోడానికి వచ్చాడు. చంకలో తెల్లటి ఫోమ్ బోర్డులు, చేతిలో చుట్ట చుట్టిన కాగితం. కాగితం మీద బొమ్మ జెట్టు విమానం పటం, ముక్కలన్నీ అసలు కొలతల్లో. బోర్డును ఆ ప్రకారం ముక్కలుగా కోసి, అతికించి, మోటారు బిగిస్తే రిమోటుతో నిజంగానే ఎగురుతుందట.

"కొయ్యడంలోనే ఉందండీ కిటుకంతా," అన్నాడు టీచరు. "వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎగరదు."

ఆ మాట స్టూలు మీది మనిషికి మంత్రోపదేశంలా వినిపించింది.

"నేను కోస్తాను."

"మీరు బట్టలు కదండీ?"

"విమానం మటుకు ఏముందండీ. గాలికి తొడిగే చొక్కా."

తమ్ముడు మిషను ఆపి నవ్వాడు. "సరే అన్నయ్యా. ఎవరి సాయం లేకుండా నువ్వే కోసి, నువ్వే అతికించు. ఎగిరిందా, కత్తెర నీది. ఎగరలేదా, బొత్తాలు. మళ్లీ ఆ ఊసెత్తకూడదు."

పందొమ్మిది రోజులు పట్టింది. భోజనాల బల్ల మీద రెక్కలు పరుచుకున్నాయి. "పళ్లెం పెట్టుకోవాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలి? పైలట్‌దా?" అని భార్య అడిగింది. ఆయన పటాన్ని ముక్కలుగా విడదీసి బోర్డు మీద పరిచి, చుట్టూ పెన్సిలు నడిపి, పదునైన బ్లేడుతో ఊపిరి బిగబట్టి కోశాడు. అంచులు చూడ్డానికి వచ్చిన టీచరు వేలితో తడిమి, తన వృత్తి మీద తనకే అనుమానం వచ్చినట్టు మళ్లీ తడిమాడు.

కొన్ని ముక్కలు వాటి గాడుల్లో పట్టలేదు. కటింగ్ మాస్టరు ఆశ్చర్యపోలేదు. మొదటి ట్రయల్లో ఒంటికి పట్టిన బట్ట ఏదుంది గనక? ఇక్కడ కాస్త గీకి, అక్కడ కాస్త నొక్కి సర్దేశాడు.

చివర్లో ఒక పరీక్ష చెయ్యమన్నాడు టీచరు. రెక్కల కింద గుర్తు పెట్టిన చోట రెండు వేళ్లు ఆనించి లేపితే విమానం త్రాసులా సమంగా నిలబడాలి. ఆయన తలుపు వేసుకుని లేపాడు. తోక వాలింది. మళ్లీ లేపాడు. మళ్లీ వాలింది. మూడోసారి విమానాన్ని వదిలి తన వేళ్ల వంకే చూశాడు. అంతసేపు చూస్తే ఎవరి వేళ్లు వణకవు? తమ్ముడన్నది నిజమే అనుకున్నాడు. తప్పు విమానంలో ఉండొచ్చని తోచనే లేదు.

"నిలబడిందా?" తలుపు తీశాక అడిగాడు టీచరు.

"నిలబడకేం!" అన్నాడు.

ఆదివారం పొద్దున ఖాళీ మైదానంలో తమ్ముడి సమక్షంలో ప్రయోగం జరిగింది. రిమోటు టీచరు పట్టుకున్నాడు. కటింగ్ మాస్టరు రెండడుగులు పరిగెత్తి జెట్టును గాల్లోకి విసిరాడు. అది ముక్కు పైకెత్తింది, ఇంకా ఎత్తింది, ఏదో మరిచిపోయి వచ్చినట్టు గాల్లో నిటారుగా ఆగింది, తోక మీద కూలబడింది. మొత్తం నాలుగు సెకన్లు. తమ్ముడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

టీచరు ముక్కలు ఏరి, ఒక్కొక్కదాని మీదా దాని పటం ముక్క పెట్టి చూశాడు. ప్రతి ముక్కకీ చుట్టూ ఒకే వెడల్పున తెల్లటి అంచు మిగిలింది.

"అన్ని వైపులా అర అంగుళం ఎక్కువుందండీ. తోకవన్నీ చిన్న ముక్కలు, వాటికి ఈ అర అంగుళమే పెద్ద బరువు. ఎందుకు వదిలారు?"

"కుట్టుకి," అన్నాడు కటింగ్ మాస్టరు, ఆలోచించకుండానే.

అన్నాక ఆలోచించాడు. పటం గీత పక్కన రెండో గీత గీసినట్టు ఆయనకు జ్ఞాపకం లేదు. ఎంత వెతికినా లేదు. ముక్కల అంచున గీత మాత్రం ఉంది, స్కేలు పెట్టినట్టు తిన్నగా.

"కోటుకీ ఇంతే చేసుంటానురా. కుట్టుకి ఒకసారి వదిలి, వదిలిన సంగతి మర్చిపోయి మళ్లీ వదిలుంటాను."

తమ్ముడు ఒక ముక్క తీసుకుని దాని అంచు మీద బొటనవేలు నడిపాడు. "పోనీలే అన్నయ్యా. చెయ్యి నిక్షేపంలా ఉందిగా."

"చేతికేం, బాగానే ఉందిరా," అన్నాడు ఆయన. "చెయ్యే అయ్యుంటే బాగుండేది."

సోమవారం తమ్ముడు సొరుగు తాళం తీసి, కత్తెర తనే తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. సుద్ద మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు గుడ్డ పరిచి గీసేది తమ్ముడు, కోసేది అన్న. కోత ఎప్పటిలాగే ఉంటుంది, గీతలో సగం అటు, సగం ఇటు. చూసినవాళ్లు పూర్వవైభవం వచ్చిందని మెచ్చుకుంటారు. ఆయన మాత్రం ప్రతి ముక్క దగ్గరా కత్తెర తెరిచి పట్టుకుని ఆగుతాడు.

"ఏరా, ఇది నువ్వు గీసిన గీతేనా?"

"నాదే అన్నయ్యా. కొయ్యి."

అప్పుడు కోస్తాడు.