నాయనమ్మను నడిపించని సాయంత్రాలు

భుజం నొప్పికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజియోథెరపీకి వెళ్తున్నాను. ఇవాళ అక్కడ ఒక పెద్దావిడ గోడ పట్టుకుని అడుగులు వేస్తుంటే, పక్కన ఆమె మనవరాలు లెక్కపెడుతోంది. నేను అటు చూడలేకపోయాను.

నా పదేళ్లప్పుడు మేం మన్సూరాబాద్‌లో ఉండేవాళ్లం. పక్షవాతంతో నాయనమ్మ ఎడమ కాలు పడిపోయింది. రోజూ సాయంత్రం ఆమెను పట్టుకుని వరండాలో పదిసార్లు నడిపించడం నా పని. సరిగ్గా ఆ వేళకే గల్లీలో తొక్కుడుబిళ్ల మొదలయ్యేది. ఆమెను నవారు మంచం మీదే వదిలేసి, సుద్దగీతల దగ్గరికి పరుగెత్తేదాన్ని. నాన్న డ్యూటీ నుంచి వచ్చి అడిగితే "నడిపించిన" అనేదాన్ని.

రెండు నెలలకు దవాఖానలో డాక్టరు ఆ కాలు వంచి చూసి, "రోజు నడిపిస్తలేరా? కీలు బిగుసుకుపోయింది" అని కోప్పడ్డాడు. నాన్న నా వైపు తిరిగాడు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"పోరి రోజు పిలిచింది బిడ్డా. నేనే నొప్పని లేవలే, నడిపించిన అని చెప్పమన్నది గూడ నేనే."

ఇంటికొచ్చాక నాన్న ఆమెనే తిట్టాడు. ఆమె తలవంచుకుని విన్నది. తలుపు పక్కన నిలబడి నేనూ విన్నాను. ఆ తర్వాత ఎంత నడిపించినా ఆ కాలు సరిగా వంగలేదు.

నాన్నా, ఈ పోస్టు నువ్వు చదువుతావని తెలుసు. ఆ రోజు తిట్లు తినాల్సింది నేను.