గైడు మూయించే మేడమ్

వర్తూరు దగ్గరి మా కాలేజీలో ఆమె ఇంగ్లిషు చెప్పేవారు. విక్టోరియా రాణి కాలం నాటి పల్లెటూరి నవల ఒకటి మా సిలబస్‌లో ఉండేది. అందులో ఏది కనిపించినా, అది దేనికి సింబలో గైడులో వెతుక్కోవడం మా అలవాటు. ఆమె గైడు మూయించి, కన్నడ పిల్లల మధ్య తెలుగువాళ్లమైన మా బెంచీ వైపు తిరిగి అనేవారు: "ముందు అది ఆ ఊర్లో ఏం చేస్తాదో చెప్పప్పా. సింబల్ సంగతి తర్వాత."

నవలలో చెరువు వచ్చినప్పుడు ఆమె ముఖం వెలిగింది. "మా అమ్మ ఇప్పటికీ మా చెరువులో దిగి ఆవుకు గడ్డి కోస్తాది. సిటీ మురుగంతా చేరి నురగా, కంపూ ఉన్నా మా ఆవు బతికేది దాంతోనే."

ఆ వానాకాలం ఆమె కొన్నాళ్లు కాలేజీకి రాలేదు. వాళ్లమ్మ గడ్డి కోస్తూ, నీటి మీద దట్టంగా అల్లుకున్న గుర్రపుడెక్కను గట్టి నేలనుకుని అడుగు వేసి, మునిగిపోయిందట.

తిరిగొచ్చిన రోజు పాఠం ఇంకా చెరువు దగ్గరే ఉంది. ఆమె చెప్పకముందే మేము గైడులు మూసేశాం. "ఆ చెరువు ఊరి పశువులకు..." అని నేను మొదలుపెట్టాను.

ఆమె చెయ్యెత్తి ఆపారు. "గైడు తెరువప్పా. దేనికి సింబలని రాసుండాది?"

"చావుకు, మేడమ్."

"అదే రాసుకోండి."